సొంత పాడ్‌కాస్ట్ పెట్టబోతే నా పేరే అడ్డొచ్చింది

మొత్తానికి నిన్న సాయంత్రం నా పాడ్‌కాస్ట్ మళ్ళీ పలికింది. మాది కందుకూరు. పాత ట్రాన్సిస్టర్ రేడియోలు విప్పి బాగుచేసుకోవడం నా సరదా. ఇంటర్నెట్ మీద ప్రభుత్వాలూ కంపెనీలూ పెట్టే రూల్స్ చదవడం నా పిచ్చి. ఈ రెండిటి గురించీ ఓపిగ్గా వినే మనిషి ఇంట్లో దొరక్క మైకు కొన్నాను.

రికార్డింగ్ కష్టమేం కాదు. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఫ్యాన్ ఆపి, బీరువా తలుపులు తెరిచి, బట్టల వైపు మొహం పెట్టి మాట్లాడితే గది మోత తగ్గుతుంది. కవర్ బొమ్మ చదరంగా, 1400 నుంచి 3000 పిక్సెల్స్ మధ్య ఉండాలి; మా అమ్మాయి ఫోన్‌లోనే చేసిపెట్టింది. మొదటి ఎపిసోడ్ నెట్ న్యూట్రాలిటీ మీద, అంటే ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనీ ఒకేలా చూడాలన్న దాని మీద చేశాను. 2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే లక్షల్లో మెయిల్స్ వెళ్ళాయి, వాటిలో నాదీ ఒకటి. ఏ సైటు చూస్తున్నామన్నదాన్ని బట్టి డేటా రేటు మార్చకూడదని 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ రూల్ తెచ్చింది. చెప్పుకోవద్దా మరి!

సొంత డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో సొంత పేరున్న అడ్రస్సు, ఎందుకని చాలామంది అడిగారు. పాడ్‌కాస్ట్ అంటే అసలు ఒక ఆర్ఎస్ఎస్ ఫీడ్, అంటే ఎపిసోడ్ల జాబితా ఉండే ఫైలు, దాని అడ్రస్సే. ఆపిల్, స్పాటిఫై ఆ అడ్రస్సుకి వచ్చి కొత్త ఎపిసోడ్ ఉందా అని చూసుకుపోతాయి. అడ్రస్సు ఇంకొకరిదైతే వాళ్ళు మూసిన రోజు మనమూ మూసుకోవాల్సిందే. పెద్ద కంపెనీ కదా అని నమ్మడానికీ లేదు, గూగుల్ తన పాడ్‌కాస్ట్ యాప్‌ని 2024లో ఎత్తేసింది. అందుకే డాట్ ఇన్ పేరొకటి కొన్నాను. రెండు ఎపిసోడ్లు పెట్టేదాకా అంతా సాఫీగానే నడిచింది.

అప్పుడొచ్చింది డొమైన్ అమ్మిన కంపెనీ నుంచి మెయిలు: గుర్తింపు నిర్ధారించుకోండి, లేకపోతే డొమైన్ ఆగిపోతుంది. సరేనని ఆధార్ నంబరు ఇచ్చాను, ఓటీపీ కొట్టాను. ఎర్ర అక్షరాల్లో 'పేరు సరిపోలలేదు'.

ఆధార్‌లో నా ఇంటిపేరు ముందుంటుంది, ఆ తర్వాత వెంకట, ఆ తర్వాత సుబ్బారావు కలిపి ఒకే మాట. పాన్‌లో ఇంటిపేరు చివరికి పోయింది, సుబ్బా ఒక ముక్క, రావు ఒక ముక్క అయ్యాయి. డొమైన్ కంపెనీ ఫామ్‌లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండే గళ్ళు, రెండూ తప్పనిసరి. మనవైపు ఏ ఇంట్లో కార్డులు బయటికి తీసినా ఇదే వరస. ఆ ఫామ్ రాసినవాడికి ఒక్క తెలుగు స్నేహితుడైనా ఉండుంటే ఇలా జరిగేది కాదు.

సరే, పేరు ఆధార్‌లో ఉన్నట్టే మార్చుకుందామంటే 'వెరిఫికేషన్ పెండింగ్‌లో ఉండగా వివరాలు మార్చలేరు' అంటుంది. వెరిఫికేషన్ పూర్తి కావాలంటే పేరు మారాలి. చాట్‌లో అడిగితే అవే రెండు వాక్యాలు ముందువెనకలు చేసి పంపారు. ఇంతలో గడువు దాటి డొమైన్‌ని హోల్డ్‌లో పెట్టేశారు. ఫీడ్ పోయింది, సైటు పోయింది, దానిమీదున్న నా మెయిలూ పోయింది.

ఆధార్, పాన్ రెండూ స్కాన్ చేసి పంపమంటే నెట్ సెంటర్‌కి వెళ్ళాను. లోపల పది మంది దాకా ఉన్నారు. సరిగ్గా అప్పుడే కంపెనీ నుంచి ఫోన్. గోలలో వినబడక స్పీకర్ ఆన్ చేశాను. ఆ అబ్బాయి హిందీలో మొదలుపెట్టి, నేను ఆగమంటే ఇంగ్లీషులోకి వచ్చాడు. మీ అసలు పేరేంటన్నాడు. చెప్పాను. అయితే రావు ఎవరు, మీ నాన్నగారా అన్నాడు. కాదు, నేనే అన్నాను. మరి ఆధార్‌లో మొదట ఉన్నది ఎవరి పేరన్నాడు. అది మా వంశం మొత్తానిదీ అన్నాను. వరసలో ఉన్నవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. పెన్షన్ కాగితాలు పట్టుకున్న పెద్దాయన ఒకాయన, "ఏంది సారూ, నీ పేరు నీకే తెలవదా?" అన్నాడు. చదువుకున్నవాణ్ణనీ, సారనీ ఊళ్ళో ఉన్న కాస్త మర్యాదా ఆ స్పీకర్ ఫోన్‌లోనే పోయింది.

అది చాలదన్నట్టు జిల్లా. పిన్‌కోడ్ 523105 కొడితే ఆ ఫామ్ దానంతటదే ప్రకాశం అని నింపేసింది. నేను పంపిన ఇంకో కాగితంలో నెల్లూరు అని ఉంది. రెండు ఊళ్ళలో ఉంటారా అని అడిగాడు. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత దాని పేరే ప్రకాశం) పెట్టేదాకా కందుకూరు నెల్లూరులోనే ఉందనీ, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారనీ ఫోన్‌లో ఏ భాషలో చెప్పను? మేం ఇల్లు మారలేదు బాబూ, జిల్లాయే మారింది అన్నాను. కాల్ కట్ అయింది.

నెట్ సెంటర్ కుర్రాడు మాత్రం "ఆధార్‌లోనే పేరు మార్చేద్దాం సార్" అని ఉత్సాహపడ్డాడు. ఎవరైనా ఈ సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జన్మకి రెండుసార్లే. దాన్ని ఓ డొమైన్ కోసం ఖర్చు పెట్టుకుంటామా? డొమైన్ కొనేటప్పుడే పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలా, మధ్యలో ఖాళీలతో సహా కొట్టండి. ఆ కొత్త డొమైన్‌తో నడిచే మెయిల్‌ని మాత్రం డొమైన్ కంపెనీ అకౌంటుకి ఇవ్వకండి, డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగిపోతుంది.

నన్ను గట్టెక్కించింది నా పిచ్చే. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఇంటర్మీడియరీ (ఇంటర్నెట్‌లో మనకీ ఇతరులకీ మధ్య ఉండి సేవలందించే సంస్థ) అనిపించుకునే ప్రతి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరూ, సంప్రదించే వివరాలూ సైట్లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, గడువులోగా తేల్చాలి. ఆ కంపెనీ సైట్లో అట్టడుగున, చీమతలకాయంత అక్షరాల్లో ఆ పేరు దొరికింది. రూల్ నంబరు వేసి, రెండు కార్డులూ జతచేసి, మన ఇంటిపేర్ల పద్ధతి మీద నాలుగు లైన్లు రాసి జీమెయిల్ నుంచి పంపాను. మర్నాడే అందిందన్నారు. ఆ తర్వాత ఎవరో మనిషన్నవాడు చూసినట్టున్నాడు, పేరు మార్చే గడి తెరుచుకుంది. ఓటీపీ కొట్టాను, ఈసారి పచ్చ అక్షరాలు.

నా రెండో ఎపిసోడ్ ఈ ఐటీ రూల్స్‌ని తిడుతూ చేసిందే. ప్రభుత్వం మీద వచ్చే వార్తల్లో ఏది అబద్ధమో ప్రభుత్వ యూనిట్టే తేలుస్తుందని 2023లో వాటికి ఒక సవరణ తెచ్చారు, బాంబే హైకోర్టు 2024లో దాన్ని కొట్టేసింది. గ్రీవెన్స్ ఆఫీసర్ రూల్ నాకు పనికొచ్చిందని ఆ ఎపిసోడ్‌లో ఒక్క మాట కూడా మార్చను. మూడోది ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గళ్ళ మీద. ఆదివారం రికార్డు చేస్తున్నాను, కరెంటు ఉంటే.