ఒక్క గీత కోసం పెంబర్తి దాకా

మా నాన్నగారి ఫియట్ 1100 డిలైట్‌కు కుడివైపు ముందు తలుపు మీది క్రోమ్ పట్టీ లేదు. పదేళ్ళ క్రితం రంగు వేయించినప్పుడు విప్పారు, మళ్ళీ బిగించలేదు. అడిగితే, అసలు బండికి లేనే లేదన్నారు షెడ్డువాళ్ళు. 1968లో కొన్న బండి అది. ముంబయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు చేసినది. 1089 సీసీ ఇంజను ఇప్పటికీ ఒక్క తాళానికే మేల్కొంటుంది. ఆ పట్టీ ఒక్కటి లేక, పన్ను ఊడిన పెద్దమనిషిలా నిలబడి ఉండేది.

ముందు అడ్డదారే చూశాను. జిగురుతో అంటించే ప్లాస్టిక్ పట్టీ రెండు వేసవి నెలలు గడవకముందే పసుపెక్కింది. పాత సామాన్ల అంగళ్ళలో దొరికినవన్నీ వంకరలు, చీలికలే. ఎడమ తలుపు పట్టీని నమూనాగా పట్టుకెళితే లేతు షెడ్డులో నవ్వారు. "డై, అంటే ఉక్కు అచ్చు, చేయించాలంటే వేల ముక్కలు కావాలి సార్, మీకు కావలసింది ఒకటి" అన్నారు. పైగా పట్టీ చివర ఏటవాలుగా కోసి ఉంటుంది. కుడివైపుకు దాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి చేయాలి.

ఉపాయం గుడిలో తట్టింది. గరుడ వాహనం ఇత్తడి తొడుగు చూస్తూ, రేకును కొయ్య మీద పరిచి సుత్తితో ఇంత రూపం తెచ్చేవాళ్ళకు మూడడుగుల పట్టీ ఒక లెక్కా అనుకున్నాను. హైదరాబాద్ నుంచి వరంగల్ దారిలో, జనగామకు కొంచెం ముందే ఇత్తడి రేకు పనికి పేరున్న ఊరు పెంబర్తి. అక్కడి పెద్దాయన పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, "దేవుడికైతే ముక్కూ కళ్ళూ ఉంటాయి బాబూ. దీనికి ఒక్క గీతే కదా" అన్నారు. ఇనుముకు బదులు ఇత్తడి వాడదామన్నదీ ఆయనే. తుప్పు పట్టదు, మాట వింటుంది, నికెల్ పూత చక్కగా పట్టుకుంటుంది.

వడ్రంగి చేత నల్లతుమ్మ దిమ్మ మీద పట్టీ లోపలి ఆకారం తీయించాం. రేకు 22 గేజి. దాన్ని ఎంత వెడల్పున కోయాలో కొలిచేటప్పుడు నేనే తప్పుచేశాను. పైకి కనిపించే వెడల్పు కొలిచి, అంచులు లోపలికి మడిచే భాగం మరిచిపోయాను. మొదటి ముక్క వృథా. తరువాత ఆయన పాత పట్టీకి కాగితం చుట్టి, మడతలతో సహా విప్పి కొలిచారు. అంత సులువైన పని నాకు తోచనే లేదు.

రేకును నీడలో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచారు. ఉక్కు అలా ముంచితే గట్టిపడుతుంది, ఇత్తడి మెత్తగానే ఉంటుంది. కొయ్య సుత్తితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోవాలి. కొట్టేకొద్దీ ఇత్తడి బిగుసుకుంటుంది, మళ్ళీ కాల్చాలి. ఇలా నాలుగు సార్లు. ఒక అంచు కాస్త ఎక్కువ దెబ్బలు తిన్నా సాగిపోయి పట్టీ మొత్తం విల్లులా వంగేది. తలుపు కూడా బల్లపరుపుగా ఉండదు, బయటికి కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఆ వంపు తెచ్చేటప్పుడు పట్టీ నొక్కుకుపోకుండా బోలులో లక్క నింపి, వంచాక వేడిచేసి కరిగించి తీశారు. విగ్రహాల పనిలో వాడే లక్కే అది. మూడో రోజుకు పెద్దాయన స్వరం మారింది. "దేవుడి ముక్కు కాస్త అటూ ఇటూ అయినా దేవుడు ఊరుకుంటాడు. ఈ గీత ఊరుకోదు బాబూ."

నిజంగానే ఊరుకోలేదు. నగరంలో పూత వేయించిన మొదటి షెడ్డులో బఫింగ్ చక్రానికి ఆనించి, పట్టీ నడిమి పదునైన గీతను పది నిమిషాల్లో గుండ్రంగా అరగదీశారు. దాని మీద క్రోమ్ ఎక్కాక గీత ఉండాల్సిన చోట సబ్బుబిళ్ళ అంచులా కనబడింది. చివర్లు బూడిదరంగుకు తిరిగాయి. మొనల దగ్గర కరెంటు ఎక్కువగా చేరి పూత మాడుతుందట.

మళ్ళీ పెంబర్తి, మళ్ళీ ఇంకో పట్టీ. ఈసారి ఎమరీ కాగితం చిన్న కొయ్యముక్కకు చుట్టి 220, 400, 600, 1000 నంబర్లతో నేనే రుద్దాను. రెండు ఆదివారాలు పోయాయి, వేలి ముద్రలు కూడా పోయాయనే అనిపించింది. ఇంకో షెడ్డు వెతికి, చక్రం గీతకు తగలకూడదని ముందే మాట తీసుకున్నాను. అక్కడి కుర్రాడు పట్టీ రెండు చివర్ల పక్కనా రాగి తీగ ముక్కలు కట్టాడు. ఎక్కువైన కరెంటును అవి లాగేసుకుంటాయి. రాగి పూత, తరువాత ఆకుపచ్చ ద్రావణంలో అరగంట నికెల్. బయటికి తీస్తే లేత పసుపు ఛాయతో అప్పటికే అద్దంలా ఉంది. ఆ తరువాత ముదురు ఎరుపు క్రోమిక్ ఆమ్లం ట్యాంకులో మూడు నిమిషాలు. క్రోమ్ పొర అర మైక్రాను కూడా ఉండదు. మనం క్రోమ్ మెరుపు అనుకునేది చాలావరకు కింద ఉన్న నికెల్‌దీ, దాని కింద రుద్దుడుదీ. పైపొర ఇచ్చేది ఆ నీలి ఛాయ, గట్టిదనం. ఆ ట్యాంకు ఆవిరి ఊపిరితిత్తులకు విషం, క్యాన్సర్ తెచ్చే రసాయనం. ఇంట్లో చేసుకుందామన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి.

వెనక టంకం పెట్టించిన మరలు తలుపు రంధ్రాల్లోకి సాఫీగా దిగాయి. కానీ వెనక తలుపు పట్టీతో కలవకుండా గీత చిన్న మెట్టు దిగింది. పట్టీలో తప్పేమీ లేదు, ముందు తలుపే కిందికి జారి ఉంది. కీలు బిగించాక గీత కలిసింది. నాన్నగారు బొటనవేలితో ముందు నుంచి వెనక దాకా తడిమి, "మిగతావి మాసినట్టున్నాయిరా" అన్నారు.

తుమ్మ అచ్చు ఇంకా పెంబర్తిలోనే ఉంది. ఇంకో నమూనా విప్పి డిక్కీలో పెట్టాను.