కడప గూడ్స్ షెడ్‌లో యూరియా రేక్: నా అనుభవం

గూడ్సు బళ్లను చూడ్డానికి పది రూపాయలు పెట్టి ప్లాట్‌ఫారం టికెట్టు కొంటామంటే మా ఇంట్లోనే నమ్మరు. కానీ కడప స్టేషన్‌లో ఆ రకం మనుషులం కొందరం ఉన్నాం. టికెట్టు రెండు గంటలే పనిచేస్తుంది. ఆ రెండు గంటల్లో ఎక్స్‌ప్రెస్సులు వాటి దారిన అవి వస్తాయి, పోతాయి. మా కళ్లు మాత్రం గూడ్సులు పక్కకు తప్పుకుని ఆగే లూపు లైన్ల మీదే. గుంతకల్లు–రేణిగుంట దారిలో గూడ్సులకు కొదవ లేదు. కృష్ణపట్నం రేవు నుంచి బొగ్గు, ఎరువులు. తోరణగల్లు నుంచి ఉక్కు. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు.

వ్యాగన్ల మీది అక్షరాలు మాకు కొట్టినపిండి. బాక్స్‌ఎన్ అంటే కప్పు లేని, ఎత్తు గోడల వ్యాగన్. బొగ్గుకూ ఖనిజానికీ అదే. బీసీఎన్ అంటే కప్పూ తలుపులూ ఉన్నది. సిమెంటు, బియ్యం, ఎరువులు అందులో వస్తాయి. బీటీపీఎన్ పెట్రోలు ట్యాంకరు. చివర్లో ఉన్న ఎన్ గాలి బ్రేకులకు గుర్తు. ఇంజను మీద జీవై ఉంటే గుత్తి ఇంజన్ల షెడ్డుది, కేజేఎం ఉంటే బెంగళూరు కృష్ణరాజపురానిది, ఎల్‌జీడీ అయితే లాలాగూడది. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడు గూడ్సుల్ని కలిపి ‘గరుడ’ పేరుతో రాయచూరు నుంచి మణుగూరుకు నడిపితే, అది మన లైను మీదుగా రాలేదే అని చాన్నాళ్లు బాధపడ్డ బ్యాచ్ మాది.

నేను పనిచేసేది ఎరువుల హ్యాండ్లింగ్ కాంట్రాక్టరు దగ్గర. లారీలు, గోదాముల లెక్కలు నా పని. స్టేషన్‌లో సరుకు దింపే చోటు, అదే గూడ్స్ షెడ్, పని చూసే పెద్దాయన వేరే. ఆయన కూతురి పెళ్లికి ఊరికి పోయిన సమయంలోనే యూరియా రేక్, అంటే మొత్తం యూరియాతోనే వచ్చే గూడ్సు బండి, బయల్దేరిందని కబురొచ్చింది. కేసీ కాలువ కింద వరి నాట్లు అయిపోయి, మైదుకూరు, చాపాడు, దువ్వూరు రైతులు బస్తా కోసం కాచుకుని ఉన్న రోజులు. మా ఓనరు నన్ను పిలిచి, “నీకు రైళ్ల పిచ్చి గదబ్బా, ఈ రేక్ నువ్వే దింపిచ్చు” అన్నాడు. పిచ్చికీ పనికీ మధ్య ఎంత దూరం ఉందో ఆయనకు బాగా తెలుసనుకుంటా, నవ్వుతా అన్నాడు.

ముందు లెక్క. మా రేక్‌లో 42 బీసీఎన్ వ్యాగన్లు, వెనక బ్రేక్ వ్యాన్. వ్యాగన్‌కు 63 టన్నుల చొప్పున సరుకు. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలది కాబట్టి వ్యాగన్‌కు 1,400 బస్తాలు, మొత్తం 58,800. పది చక్రాల లారీకి 400 బస్తాలు వేసుకుంటే 147 లోడ్లు. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే నిమిషంలో దాటిపోయే బండి అది. కాగితం మీద ఆ 147 అంకె చూశాక నాకు ఆ పూట అన్నం సరిగా పోలేదు.

రేక్‌కు ఒక ఎఫ్‌ఎన్‌ఆర్ నంబరు ఇస్తారు. ఆ నంబరు కొడితే బండి ఎక్కడుందో రైల్వే వాళ్ల సరుకు రవాణా వెబ్‌సైట్ చెబుతుంది. మా రేక్ వెంకటాచలం–ఓబులవారిపల్లె లైను మీదుగా వచ్చింది. వెలిగొండల కింద, చెర్లోపల్లికీ రాపూరుకూ మధ్య ఆరున్నర కిలోమీటర్ల పొడవు సొరంగం ఉన్న లైను అదే. 2019లో అది మొదలయ్యే దాకా కృష్ణపట్నం సరుకు గూడూరు, రేణిగుంట చుట్టు తిరిగి రావాల్సి వచ్చేది. ఇప్పుడు కడపకు రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. బండి ఓబులవారిపల్లె దాటిందని చూడగానే హమాలీ మేస్త్రీకి ఫోన్ కొట్టి మనుషుల్ని రమ్మన్నా.

“యాడుంది బండి?” అన్నాడు మేస్త్రీ.

“ఓబులవారిపల్లె దాటింది భాయ్.”

“అట్లయితే పండుకో. నందలూరు దాటినాక చెప్పు.”

ఆయన మాటే నిజమైంది. రాత్రంతా బండి లూపుల్లో నిలబడుతూనే వచ్చింది. వెంకటాద్రి, రాయలసీమ లాంటి బళ్లకు దారివ్వాలి, ఎదుటి స్టేషన్‌లో లైను ఖాళీ కావాలి, సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోతే కొత్తవాళ్లు రావాలి. 75 కిలోమీటర్ల వేగం అందుకోగల గూడ్సుల సగటు మన దేశంలో గంటకు 25 దగ్గరే ఆడుతూ ఉండడానికి కారణం ఈ నిలబడటమే. ప్లాట్‌ఫారం మీద మేం పరుగెత్తే బళ్లనే ఫొటోలు తీస్తాం. గూడ్సు బతుకులో ఎక్కువ భాగం నిలబడటమేనని నాకు ఆ రాత్రి ఫోన్ తెర చూస్తూ కూర్చుంటే గానీ అర్థం కాలేదు. నందలూరులో ఆగినప్పుడు మాత్రం కాస్త సంతోషమేసింది. ఆవిరి ఇంజన్ల కాలంలో పేరున్న షెడ్డు అది. ఆ కథలు వినే పెరిగాం మేం.

తెల్లవారకముందే రేక్ కడప యార్డులోకి వచ్చింది. వచ్చినంత మాత్రాన మనది కాదు. ఇంజను విడదీయాలి, షంటింగ్ చేయాలి (వ్యాగన్లను ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చాలి), షెడ్ లైనులో వ్యాగన్లు పెట్టాలి. మా రేక్‌ను రెండు ముక్కలు చేశారు. పాయింట్స్‌మన్ చేతి లైటు ఊపుతుంటే ఇంజను వెనక్కి నెట్టడం, కప్లింగులు ఒకదాని తర్వాత ఒకటి టకటకమని బిగుసుకుంటూ పోవడం, ఆగాక హ్యాండ్ బ్రేకులు బిగించి చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టడం, ఇవన్నీ అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. మామూలుగా అయితే అక్కడ అడుగు పెట్టడమే నేరం. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి పోతే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. మా బ్యాచ్ పిల్లలకు ఈ సంగతి మళ్లీ మళ్లీ చెబుతుంటా. పైన తీగలో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది, సెల్ఫీ కోసం వ్యాగన్ ఎక్కేవాడికి రెండో అవకాశం ఉండదు.

ప్లేస్‌మెంట్ అయిందని, అంటే వ్యాగన్లు షెడ్ లైనులో పెట్టేశారని, గూడ్స్ ఆఫీసులో టైము రాసిన నిమిషం నుంచి మన గడియారం మొదలు. ఇచ్చిన ఉచిత గంటల్లోపు వ్యాగన్లు ఖాళీ చేసి అప్పగించాలి. దాటితే డెమరేజ్ అనే ఆలస్యపు రుసుము: వ్యాగన్‌కు గంటకు 150 రూపాయల చొప్పున మొదలవుతుంది. 42 వ్యాగన్లకు గంటకు 6,300. గంటలో పావు వంతు దాటినా గంట కిందే లెక్క. ఇది కాక వార్ఫేజ్ అని ఇంకోటి ఉంది. వ్యాగన్ ఖాళీ చేశాం కదా అని బస్తాలు షెడ్‌లోనే వదిలేస్తే, రైల్వే స్థలం వాడుకున్నందుకు కట్టాల్సింది. కొత్తవాళ్లు ఈ రెండూ ఒకటే అనుకుంటారు. వ్యాగన్ ఆపితే డెమరేజ్, స్థలం ఆపితే వార్ఫేజ్. కాబట్టి బస్తా నేల మీద దించి పక్కన పెట్టడం కంటే, వ్యాగన్ నుంచి నేరుగా లారీలోకి వేయించుకోవడమే లాభం. దానికి లారీ తలుపు దగ్గరే ఉండాలి. లారీ అక్కడ ఉండాలంటే ముందు లారీ బయటికి పోవాలి. షెడ్ గేటు దగ్గర ఒక్క డ్రైవరు టీకి దిగితే వెనక మొత్తం ఆగిపోతుంది. ఆ రోజు నా సగం గొంతు గేటు దగ్గరే పోయింది.

హమాలీల పని చూసి తీరాల్సిందే. నలుగురు వ్యాగన్ లోపల, ఇద్దరు లారీకి వేసిన పలక మీద, మిగతావాళ్లు లారీలో. బస్తా వీపు మీద పడేటప్పుడే అడుగు పడుతుంది, ఆ లయ తప్పితే నడుము పోతుంది. పొద్దున ఉగ్గాని బజ్జీ తెప్పిస్తే నిలబడే తిన్నారు. వాళ్లకు బస్తా లెక్కన కూలీ, మనకు గంట లెక్కన భయం. రెండూ ఒకే వైపు లాగుతాయి కాబట్టి పని నడుస్తుంది. వ్యాగన్ లోపలి వేడి గురించి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడికి ఏం తెలుస్తుంది? ఇనుప పెట్టె, కడప ఎండ.

మా పిచ్చి పనికొచ్చింది వ్యాగన్ నంబర్ల దగ్గర. రైల్వే రసీదులో ఉన్న నంబర్లకూ ఎదుట ఉన్న వ్యాగన్లకూ పొంతన చూసి, వ్యాగన్ వారీగా బస్తాలు రాసుకోవాలి. టాలీ, అంటే బస్తాల లెక్క, రాసే కుర్రాడు ఒక నంబరు రసీదులో లేదని వచ్చాడు. రంగు పోయి, మసి పట్టి, అంకె సరిగా కనబడటం లేదు. మన వ్యాగన్ నంబరులో 11 అంకెలుంటాయి. మొదటి రెండు వ్యాగన్ రకం (ముప్పైల్లో ఉంటే కప్పున్నది), తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఆ తర్వాత రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరస నంబరు, ఆఖరిది సరిచూసుకునే అంకె. ఉదాహరణకు 31099812342 అనుకోండి. 09 దక్షిణ మధ్య రైల్వే, 98 అంటే 1998. మొదటి పది అంకెల్లో సరి స్థానాలవి కూడితే 24, మూడుతో హెచ్చిస్తే 72. బేసి స్థానాలవి కూడితే 16. మొత్తం 88. పై పదికి, అంటే 90కి, ఎంత తక్కువ? రెండు. ఆఖరి అంకె అదే కావాలి. కుర్రాడు రాసుకొచ్చిన నంబరుకు లెక్క కుదరలేదు. అతను 3 అనుకున్నచోట 8 పెట్టి చూస్తే కుదిరింది, రసీదులోనూ ఆ నంబరు ఉంది. “ఇదంతా యాడ నేర్సుకున్నావు నా?” అన్నాడు. ప్లాట్‌ఫారం మీద, పది రూపాయలకు అని చెప్పా.

మధ్యాహ్నం దాటాక వాన. యూరియాకు నీళ్లు తగిలితే బస్తా రాయైపోతుంది, ఏ డీలరూ తీసుకోడు. తలుపులు మూయించి, లారీల మీద పట్టలు కప్పించి కూర్చున్నాం. గూడ్స్ సూపర్‌వైజరు మంచాయన. “వాన ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో టైములతో సహా ఇప్పుడే రాసి ఇవ్వు, రేపు గుర్తొచ్చి రాస్తే ఎవురూ నమ్మరు” అన్నాడు. రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకున్నా.

వాన వెలిశాక పెట్రోమాక్సుల కాలం కాదు కదా, ఫ్లడ్‌లైట్ల కింద పని సాగింది. చిరిగిన బస్తాలు వేరు, తడిసినవి వేరు, వ్యాగన్ నేల మీద ఊడ్చిన ఎరువు వేరు. అన్నిటికీ లెక్క ఉండాలి, లేదంటే తర్వాత తరుగు మన నెత్తినే పడుతుంది. రాత్రికి వ్యాగన్లు అప్పగించాం. ఉచిత సమయం మీద కొన్ని గంటలు దాటాయి. డెమరేజ్ కట్టి, వాన కాగితం జతచేసి మాఫీకి దరఖాస్తు పెట్టాం. దానికీ గడువుంటుంది, ఆలస్యం చేయకూడదు. తర్వాత కొంత మాఫీ అయింది, మొత్తం కాదు.

ఖాళీ రేక్‌ను ఎర్రగుంట్ల వైపు పంపారు. యూరియా దింపిన కప్పు వ్యాగన్లకు దగ్గర్లోనే సిమెంటు లోడు దొరుకుతుంది, ఖాళీగా దూరం లాగాల్సిన పని ఉండదు. మా బ్యాచ్‌లో ఒకడు ఎర్రగుంట్లలో ఉంటాడు. వాడికి ఇంజను నంబరు పంపితే, “ఫొటో యాడ?” అని అడిగాడు. నా ఫోన్ నిండా వ్యాగన్ నంబర్లు, రసీదులు, చిరిగిన బస్తాలే ఉన్నాయి. ఇంజను ఫొటో ఒక్కటీ లేదు. పెళ్లి నుంచి తిరిగొచ్చిన పెద్దాయన కాగితాలన్నీ తిరగేసి, వాన టైము దగ్గర ఆగి, తలూపి, “వచ్చే రేక్‌కు గూడా రా అబ్బోడా” అన్నాడు.