వెనక వాళ్ల కోసం వెలగాల్సిన లైటు

ఆదివారమంతా కారు వెనక లైట్ల దగ్గరే గడిచింది. పొద్దున్న పాతపట్నం వెళ్లి కూరగాయలు తెస్తుంటే, మా వీధి ఆటో అతను పర్లాకిమిడి బజారు దాకా నా వెనకే వచ్చాడు. బండి పక్కన ఆపి చెప్పాడు: "అమ్మా, మీరు బ్రేకు కొడతంటే ఎనకాల లైట్లు ఎలగట్లేదు. ఆగతన్నారని మాకెలా తెలుస్తాది?"

చెప్పినందుకు అతనికి ఎంత రుణపడ్డానో. హెడ్‌లైటు పోతే నాకే తెలుస్తుంది, హారన్ మోగకపోతే నాకే తెలుస్తుంది. బ్రేకు లైటు పోతే మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. ఆర్.ఉదయగిరి వైపు కొండదారిలో, వానలో, లోడుతో దిగుతున్న లారీ మన వెనక ఉంటే, డ్రైవరు ఒక్క సెకను ఆలస్యంగా చూసినా ఆ 11 మీటర్లూ పోయినట్టే.

కారు నాన్నది, 2004 మారుతి 800. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకుని నడుపుతున్నాం. నాన్నను సీట్లో కూర్చోబెట్టి నేను వెనక్కి వెళ్లాను. "తొక్కు నాన్నా... వదులు." రెండు వైపులా చీకటే. పార్కింగ్ లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. రెండు బల్బులూ ఒకేసారి మాడిపోవడం అరుదు కాబట్టి, రెండింటికీ కరెంటు వచ్చే దారిలోనే ఏదో తెగి ఉండాలి. అయినా బల్బులు విప్పి చూశాను. ఒక్కో బల్బులో రెండు తీగలు, పార్కింగ్‌కి 5 వాట్లు, బ్రేకుకి 21 వాట్లు. నాలుగు తీగలూ బాగున్నాయి. ఫ్యూజూ బాగుంది.

ఇక మిగిలింది పెడల్ పైన ఉండే స్విచ్. పెడల్ మామూలుగా ఉన్నప్పుడు అది స్విచ్ పుల్లను లోపలికి నొక్కి ఉంచుతుంది. తొక్కగానే పుల్ల బయటికి వచ్చి లోపలి పాయింట్లు కలుస్తాయి. టెస్ట్ ల్యాంపు పట్టుకుని డ్యాష్‌బోర్డు కింద దూరాను. స్విచ్‌లోకి వచ్చే వైరులో కరెంటు ఉంది. నాన్న తొక్కినా అవతలి వైరులోకి రావడం లేదు. రెండు వైర్లనూ చిన్న తీగ ముక్కతో కలిపి వెనక్కి వెళ్లి చూస్తే, ఎడమ లైటు ఎర్రగా భగ్గుమంది. పాయింట్లు మాడిపోయాయన్నమాట.

కుడి లైటు మాత్రం మసకగా ఉంది. పైగా దాని పక్కనున్న ఇండికేటరు కూడా సన్నగా వెలుగుతోంది! నాకు అంతుపట్టక, మెయిన్ రోడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్ బాబాయి దగ్గరికి కారు తీసుకెళ్లాను. ఆయన అక్కడున్న కుర్రాడికి ఒడియాలో ఏదో పురమాయించి, నావైపు తిరిగి, "ఎర్తు పోయిందమ్మా" అన్నాడు. బల్బు దాటిన కరెంటు బాడీలోకి దిగే చోట తుప్పు పడితే, అది వేరే దారి వెతుక్కుని ఇండికేటరు తీగలోంచి పోతుందట. మరి పార్కింగ్ లైటు ఎలా వెలిగిందని అడిగాను. 5 వాట్లకు కావలసిన కాస్త కరెంటు తుప్పులోంచి కూడా పోతుంది. 21 వాట్లకు నాలుగింతలు కావాలి, అంత పోదు. నిలువునా ఆనందం వేసింది, అంత తేలిగ్గా చెప్పాడు.

డిక్కీలో నల్లవైరు బాడీకి బిగించిన నట్టు విప్పి, ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, మళ్లీ గట్టిగా బిగించాడు. కొత్త స్విచ్ వేశాడు. దాని లాక్ నట్టు సరిచేయడానికే ఎక్కువసేపు పట్టింది. స్విచ్ పెడల్‌కి మరీ దూరంగా ఉంటే తొక్కకపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది, మరీ దగ్గరగా ఉంటే పెడల్ సగం తొక్కాక గానీ లైటు రాదు, ఇంకా దగ్గరైతే పెడల్‌ని తోసేసి బ్రేకు పట్టి ఉంటుంది. కాలు ఆనించి కాస్త నొక్కగానే వెలిగేదాకా తిప్పుతూనే ఉన్నాడు. ఆ ఓపిక చూస్తే గౌరవం కలిగింది.

ఇంటికొచ్చి ఆటో అతన్ని పిలిచి, నేను బ్రేకు తొక్కి చూపించాను. తర్వాత అతని ఆటో వెనక నేను నిలబడ్డాను. ఎడమ లైటు వెలగలేదు. కొని తెచ్చిన బల్బుల్లో ఒకటి అతనికి ఇచ్చాను, మిగతావి గ్లోవ్ బాక్సులో పెట్టాను.