కార్ఖానగడ్డలో దీపావళి

యమలోకం పరిత్యజ్య ఆగతా యే మహాలయే
ఉజ్జ్వలజ్యోతిషా వర్త్మ ప్రపశ్యంతు వ్రజంతు తే

దీపావళి నాటి సాయంసంధ్యలో దక్షిణ దిక్కుకు తిరిగి, కాగడా పైకెత్తి చదివే శ్లోకమిది. మహాలయానికి యమలోకం విడిచి వచ్చిన పితృదేవతలు ఈ వెలుగులో దారి చూసుకొని తిరిగి వెళ్లుదురు గాక అని దీని భావం. దీనినే ఉల్కాదానం అంటారు.

వారు వచ్చే రోజును మన వైపు పెత్రమాస అంటాం. భాద్రపద అమావాస్య నాడు పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యమిచ్చి, సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మను పేర్చుకొని వేయిస్తంభాల గుడికి వెళ్తాం. అక్కడి నుండి ఆశ్వయుజ అమావాస్యకు నెల రోజులు. శ్లోకాన్ని అక్షరాలా నమ్మితే సద్దుల బతుకమ్మ, దసరా రెండూ పెద్దలు ఇంట్లో ఉండగానే జరుగుతున్నాయన్నమాట. ఈ లెక్క చిన్నప్పుడు నాకెవరూ చెప్పలేదు.

ఈ శ్లోకం నాకు నిజంగా అర్థమైనది కరీంనగర్‌లోని కార్ఖానగడ్డ శ్మశానంలో. అక్కడ కొన్ని దళిత కుటుంబాలవారు దశాబ్దాలుగా దీపావళిని తమవారి సమాధుల దగ్గరే జరుపుకొంటున్నారు. పండుగకు ముందే గడ్డి చెక్కి, సమాధులకు సున్నమో రంగో వేసి, ఆ రాత్రి పూలతో అలంకరించి, పోయినవారికి ఇష్టమైన వంటకాలు పెట్టి, దీపాలు వెలిగించి పిల్లలచేత టపాకాయలు కాల్పిస్తారు. పత్రికలు ఏటా దీనిని వింత ఆచారమని రాస్తాయి. శ్లోకం తెలిసినవారు కూడా వింత అనడమే నాకు వింతగా తోచింది.

నేను పండుగనాటి పొద్దుననే చేరుకొని చాలాసేపు ఆ సమాధుల నడుమ తిరిగాను. మా చిన్నతనంలో బొందలగడ్డ వైపు వేలు చూపినా పెద్దవాళ్లు గద్దించేవారు. ఇప్పుడు పల్లెల్లో దానికి వైకుంఠధామమని బోర్డు పెట్టినా ఆ బెదురు పూర్తిగా పోలేదు. ఆ పొద్దున మాత్రం బెదురన్నది లేదు. ఆరని సున్నం వాసన, బంతిపూల గంపలు, చెరిగిపోయిన పేరు మీద మళ్లీ రంగు దిద్దుతున్న ఒక యువకుడు. పుట్టిన తేదీ తెలియక పోయిన తేదీ ఒక్కటే రాయించిన రాళ్ల ముందు నా కాళ్లు వాటంతటవే ఆగాయి. ఒక సమాధి అంచున కూర్చున్న అవ్వను, ఇంట్లో పండుగ చేసుకోరా అని అడిగాను. "ఏడాదికి ఒక్కనాడన్న మావోళ్ల కాడ కూసోవద్దా, బిడ్డా?" అన్నది.

శ్లోకంలో పెద్దలు అతిథులు, మనం ఇంటివారం. వచ్చినవారికి దారి చూపి సాగనంపుతాం. ఇక్కడ పెద్దలే ఇంటివారు. బతికి ఉన్నవారు సద్ది కట్టుకొని, పిల్లల్ని వెంటబెట్టుకొని వారింటికి చుట్టపుచూపుగా వస్తారు. రెండింటిలో ఏది శాస్త్రమని అడిగితే మొదటిదే అంటాను. ఏది మనసుకు దగ్గర అంటే రెండవదే.

మట్టి చేసేవారికి తిరిగి వచ్చేందుకు ఒక చోటు మిగులుతుంది. మా ఇంట దహనమే ఆచారం. యముడు, శివుడు ఒకే పానవట్టం మీద రెండు లింగాలుగా వెలసిన కాళేశ్వరంలో, గోదావరి ప్రాణహితలు కలిసే చోట మా బాపు అస్థికలు కలిపాం. పేరు దిద్దడానికి రాయి లేదు.

కార్ఖానగడ్డ చూసి వచ్చినప్పటి నుండి దీపావళి నాడు మా డాబా మీద ఒక చిన్న సవరణ చేస్తున్నాను. హన్మకొండ నుండి కాళేశ్వరం ఉత్తరాన, కొంచెం ఈశాన్యంగా ఉంటుంది. శాస్త్రం చెప్పిన దక్షిణానికి కాగడా చూపి, శ్లోకం పూర్తి చేసి, ఇంటివాళ్లు మెట్లు దిగుతుండగా ఒక్కసారి అటూ తిప్పుతాను.