లెఫ్టీ క్రే మాట విన్నాకే లైన్ వెనక్కి పరుచుకుంది: నా అనుభవం

ఫ్లై ఫిషింగ్ నేర్చుకుంటున్నాను, అంటే ఈకలు చుట్టిన ఉత్తుత్తి ఎర (ఫ్లై) విసిరి చేపలు పట్టడం. మూడు వారాలుగా రానిది ఇవాళ పొద్దున వచ్చింది. ముందుకి విసిరేముందు 30 అడుగుల లైన్ (గాలం దారం) నా వెనకాల గాల్లో తిన్నగా పరుచుకుంది. ఆ పుణ్యం లెఫ్టీ క్రేదే. ఫ్లై ఫిషింగ్ నేర్పిన గురువు, 2018లో, 93 ఏళ్ళ వయసులో పోయిన అమెరికాలోని మేరీలాండ్ మనిషి.

చేపలు పట్టే లైసెన్సు ఆన్‌లైన్‌లో తేలిగ్గానే దొరికింది. మేరీలాండ్‌లోని గన్‌పౌడర్ నది ఎగువన ట్రౌట్ చేపలకి దిగాలంటే ట్రౌట్ స్టాంపు (అదనపు అనుమతి) కూడా తీసుకోండి. సామాను: 9 అడుగుల 5 వెయిట్ రాడ్ (5 అనేది లైన్ బరువుని చెప్పే నంబరు), తేలే లైన్, 9 అడుగుల లీడర్ (లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారం). అడుగున ఫెల్ట్ (ఒత్తిన ఉన్నిలాంటి గుడ్డ) ఉన్న బూట్లు కొనకండి. ఒక నదిలో నాచు ఇంకో నదికి పాకుతుందని మేరీలాండ్ వాటిని 2011లో నిషేధించింది.

అసలు కష్టం విసరడం దగ్గరే. డబ్బు కట్టి వెళ్ళిన క్లాసులో గడియారం పాఠం చెప్పారు. రాడ్ పదింటి దగ్గర్నుంచి ఒంటిగంట దాకా వెళ్ళి ఆగాలి, అంతే. పదిమంది చూస్తుండగా నా లైన్ ప్రతిసారీ వెనక పచ్చికలో కుప్పపడింది. "మణికట్టు బిగించండి" అని నలుగురికీ వినపడేలా అన్నారు. ఎందుకు బిగించాలో ఒక్కసారీ చెప్పలేదు. కారణం చెప్పకుండా భంగిమ నేర్పే చోట డబ్బు కట్టొద్దు.

లెఫ్టీ మొదలుపెట్టేదే కారణంతో. మామూలు గాలంలో బరువు సీసపు గుండుకుంటుంది, అది దారాన్ని లాక్కెళ్తుంది. ఈకలు చుట్టిన ఫ్లైకి బరువేముంటుంది? బరువంతా లైన్‌దే. 5 వెయిట్ లైన్‌లో మొదటి 30 అడుగులు తొమ్మిది గ్రాములు తూగుతాయి. ఆ తొమ్మిది గ్రాములే రాడ్‌ని వంచాలి.

అందుకే ఆయన మొదటి సూత్రం: లైన్ కొస కదిలేదాకా విసురు మొదలుకానట్టే. నేను రాడ్ కొసని నడుమెత్తులో పెట్టి మొదలుపెట్టేవాణ్ణి. లైన్ ముందు వేలాడేది, సగం విసురు ఆ వదులు లాగడానికే పోయేది. రాడ్ కొసని నేలకి ఆనేంత కిందికి దించి, వదులంతా లాగేసి మొదలుపెట్టండి. రెండోది: చేతి వేగం అంతకంతకీ పెరుగుతూ పోయి ఠక్కున ఆగాలి. చర్నాకోల ఝళిపించేవాడి చెయ్యి చూడండి, ఆగినప్పుడే చప్పుడు. మూడోది: రాడ్ కొస ఎటు వేగం పుంజుకుని ఆగిందో లైన్ అటే పోతుంది. నా రోగం ఇదే. మణికట్టు వెనక్కి వాలిపోతే కొస నేలవైపు చూస్తూ ఆగేది, లైన్ కూడా నేలకే వెళ్ళేది. నాలుగోది: రాడ్ ఎంత ఎక్కువ దూరం కదిలితే శ్రమ అంత తక్కువ. గడియారం పద్ధతిని ఆయన కాదన్నది ఇందుకే.

నాకు పనికొచ్చిన సాధన ఇది. కొక్కెం బదులు లీడర్ చివర ఎర్ర నూలుపోగు కట్టండి. కుడిచేతివాళ్ళు కుడికాలు వెనక్కి వేసి, బొటనవేలు రాడ్ వెనక ఆనించి, మోచెయ్యి ఒక అరుగు మీద జరుగుతున్నట్టు ఒకే ఎత్తులో కదపండి. ముందు రాడ్‌ని నేలకి అడ్డంగా ఉంచి పక్కగా విసరండి, లూప్ (గాల్లో లైన్ తిరిగే వంపు) కంటికి కనిపిస్తుంది. వెనక్కి తిరిగి చూడండి. లైన్ చాచుకునేదాకా ఆగండి. ముందే లాగితే కొరడా దెబ్బలా చప్పుడొస్తుంది, కొక్కెం ఉంటే తెగిపోతుంది. లీడర్‌లో ముడులు పడుతున్నాయంటే మొదట్లోనే బలం పెట్టేస్తున్నారన్నమాట. గాలిని తిట్టకండి. ముడిపడిన లీడర్ పెద్ద చేపకి ఆగదు, అక్కడికక్కడే మార్చేయండి.

ఆయన కట్టిన ఫ్లైలోనూ ఇదే తీరు. 1950ల చివర్లో చెసపీక్ బే స్ట్రైప్డ్ బాస్ చేపల కోసం తయారుచేసిన లెఫ్టీస్ డిసీవర్. విసిరేటప్పుడు పొడుగాటి ఈకలు కొక్కెం వంపుకి చుట్టుకుపోతాయి కాబట్టి వాటిని కొక్కెం కాడ వెనక కొసనే కట్టి, ముందువైపు జింక తోక వెంట్రుకలు చుట్టారు. గాల్లో సన్నగా దూసుకుపోతుంది, నీళ్ళలో చేపపిల్లలా కనిపిస్తుంది. 1991లో అమెరికా తపాలా బిళ్ళ మీదికెక్కింది. ఇంత పేరున్నా కొత్తవాళ్ళని దగ్గరికి పిలిచి, నవ్విస్తూ నేర్పేవారు. గొప్ప విద్వాంసులు చాలామంది చెయ్యలేనిది అదే.

నా లీడర్ చివర నూలుపోగు ఇంకా అలాగే ఉంది. వరసగా ఇరవైసార్లు వెనక్కి తిన్నగా వెళ్ళాక, ముల్లు నొక్కేసిన కొక్కెం కడతాను.