పిక్కల నొప్పి, పచ్చ కళ్లు

తాడేపల్లిగూడెం దగ్గర మా మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మా ఊరి మగవాళ్లు వెళ్లారు. రెండోదానిలో బర్మా వెళ్లిన మా నాన్న తిరిగొచ్చేసరికి ఒళ్లంతా పచ్చగా ఉందట. మలేరియా రాకుండా రోజూ మింగించిన మెపాక్రిన్ మాత్రల రంగు అది. మాత్ర గొంతు దిగేదాకా అధికారి ఎదురుగా నిలబడేవాడట. నాయనమ్మ మాత్రం కామెర్లే అని తేల్చి, ముక్కులో పసరు పోయించి, చప్పిడి కూడు పెట్టింది.

నిరుడు నా కళ్లూ పచ్చబడ్డాయి. ఈసారి అది మాత్రల రంగు కాదు.

సెప్టెంబరు వానలకు మా స్వర్ణ రకం వరి చేను మునిగింది. తెగిన గట్లు వేయిస్తూ కూలీలతోపాటు మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాను. చేను మునిగితే కలుగుల్లో ఎలుకలన్నీ గట్లెక్కుతాయి. నా మడమలకు పగుళ్లు ఎప్పుడూ ఉండేవే. వారం దాటాక చలిజ్వరం పట్టుకుంది. జ్వరం సరే, ఆ పిక్కల నొప్పి! దుప్పటి తగిలినా కేక పెట్టేవాణ్ని. 1971లో తూర్పు సరిహద్దులో తడి బూట్లతో రాత్రంతా నడిచినా పిక్కలు ఇలా సలపలేదు. కళ్లు ఎర్రబడ్డాయి, పుసి మాత్రం లేదు. ఆ తర్వాత అవే పచ్చబడ్డాయి.

కామెర్లేనన్నారు అందరూ. బావమరిది పసరు మందుకని కారు కూడా మాట్లాడాడు. మా ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది. "మామయ్యగారికి పోసిన పసరు చాలు. మూత్రం బొట్టు బొట్టుగా వస్తోందని రాత్రి మీరే అన్నారు. పదండి ఏలూరు," అంది. నేను సైన్యంలో ఉన్నన్నాళ్లూ పిల్లల జ్వరాలూ చేలో కోతలూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి. బావమరిది నోరెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మాజీ సైనికుల ఆరోగ్య కార్డు మీద ఆసుపత్రిలో చేర్చుకున్నారు. డాక్టరమ్మ నా పిక్కలు నొక్కి చూసి, "ఈమధ్య చేలో దిగారా?" అని అడిగింది. లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం, అనుమానించింది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలోంచి ఆ సూక్ష్మజీవి పగిలిన చర్మం గుండా ఒంట్లోకి చేరుతుందట. ముదిరితే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండానే పెన్సిలిన్ మొదలుపెట్టారు. ఆ ఫలితం అనుమానాన్ని ఖాయం చేసింది. కొన్నాళ్లు డయాలిసిస్ కూడా తప్పలేదు. మూత్రం కొలిచే డబ్బా మీది గీతలను మా ఆవిడ పాలకేంద్రంలో లెక్క చూసినట్టు చూసేది. గీత పెరిగిన రోజు నర్సు కోసం వార్డంతా తిరిగింది.

మూత్రపిండాలు తేరుకున్నాయి. నీరసం మాత్రం సంక్రాంతి దాకా వదల్లేదు.

నాకు కార్డుంది, పింఛనుంది. నా పక్కనే అవే నీళ్లలో నిలబడ్డ కూలీలకు ఏముంది? కేరళలో ముంపు నీళ్లలో దిగేవాళ్లకు ఈ జ్వరం రాకుండా వారానికోసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. అందరికీ పడే మందు కాదు, డాక్టరు చూసి ఇవ్వాల్సిందే. కానీ మా దగ్గర ఆ ఊసే లేదు. నాట్లకు ముందు ఆశా కార్యకర్తను ఆపి అడిగితే రాసుకుని వెళ్లింది. ఈలోగా మా అబ్బాయి గూడెం నుంచి రబ్బరు బూట్లు తెచ్చాడు. నాట్లు వేసే ఆడవాళ్లు వాటిని చూసి నవ్వారు. "బురదలో కాలు మాత్రమే పైకొస్తుంది బాబయ్యా, బూటు అక్కడే ఉండిపోతుంది," అన్నారు. దమ్ము చేసిన మడి సంగతి నాకు తెలియనిది కాదు, వాళ్లన్నది నిజమే. ఆశా కార్యకర్త ఈసారి వస్తే మళ్లీ మాత్రల సంగతే అడగాలి.