ఎర్ర సంచి పైనే ఉండాలి

నిరుడు నల్లమల అడవిలోని సలేశ్వరం జాతరలో లోయలోకి దిగుతుంటే మా తమ్ముడి కాలు రాయి మీద జారి మడత పడింది. క్రేప్ బ్యాండేజ్ బ్యాగులోనే ఉంది, నేనే పెట్టాను. కానీ ఎక్కడ? ఛార్జర్ వైరు, టార్చి, పల్లీపట్టీలు, తడి టవల్ అన్నీ ఒకటే కుప్ప. వెనక జనం "వస్తున్నాం లింగమయ్యా" అంటూ దిగుతున్నారు, నేను బండ మీద బ్యాగు బోర్లించి వెతుకుతున్నా. వాడు పళ్లు బిగబట్టి "అక్కా, దొరికిందా?" అని అడుగుతుంటే ఏడుపొచ్చింది.

ఈసారి పోయే ముందే అచ్చంపేటలో టైలర్ దగ్గర మూడు జిప్పు పౌచులు కుట్టించా. అడవిలోకి ప్లాస్టిక్ కవర్లు ఎందుకని అన్నీ గుడ్డతోనే. నీలందాంట్లో వైర్లు, పవర్ బ్యాంక్. జాలీ గుడ్డదాంట్లో టార్చి, సూదీదారం, తెరవకుండానే కనిపిస్తాయి. ఎర్రది మందులకు: బ్యాండేజ్, దూది, ఓఆర్‌ఎస్, చిన్న కత్తెర. దాని జిప్పు కొసకు లావు దారం ముడేశా, చీకట్లో వేలికి తగలాలని. బ్యాగులో ఏది ఎటు పోయినా ఎర్రది మాత్రం అన్నిటికన్నా పైనే.

మొన్న దిగేటప్పుడు ఒక పెద్దమ్మ బొటనవేలు రాయికి కొట్టుకుని రక్తం కారింది. భుజం మీది బ్యాగు దించకుండానే చెయ్యి వెనక్కి పెట్టా. ముడి తగిలింది.